చచ్చిన చెవులు చెప్పిన సంగతులు

రేడియో స్టేషన్‌కి మొదటిసారి ప్రసంగం చదవడానికి వచ్చినవాళ్ల మొహం ఒక్కసారైనా చిన్నబోతుంది. స్టూడియోలో చదువుతున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. రికార్డింగ్ అయ్యాక ఇంజనీరు కాస్త వెనక్కి తిప్పి వినిపిస్తాడు. అప్పుడు మొదలవుతుంది గోల. ‘ఇది నా గొంతేనా? ఇంత పీలగా ఉందేమిటండీ? మీ మెషీన్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది!’ వెంట వచ్చిన స్నేహితుడు మాత్రం, ‘అచ్చం నీ గొంతేరా, రోజూ మేం వినేది ఇదే’ అంటాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు.

ఈ చిక్కుముడిని 1949లో ఒక పరిశోధన వ్యాసం విప్పింది. అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం వారి పత్రికలో అచ్చయింది అది. మనిషి మాట్లాడేటప్పుడు తన గొంతు తనకు రెండు దారుల్లో అందుతుంది. నోట్లోంచి బయటపడి గాలిలోంచి వచ్చి చెవిలో దూరేది ఒకటి. దవడా పుర్రే పట్టుకుని లోపల్లోపలే చెవికి చేరేది ఇంకొకటి. కొలిచి చూస్తే రెండింటి జోరూ ఇంచుమించు సమానమే. మైకుకి దొరికేది మొదటిది మాత్రమే. ఎముక మోసుకొచ్చే ఆ బరువైన వాటా రికార్డింగులో ఉండదు. పుట్టినప్పటినుంచీ రెండూ కలిపి వినడం అలవాటైనవాడికి అందులో ఒక్కటే వినిపిస్తే, గొంతు ఎవరిదో అరువు తెచ్చినట్టు ఉండక ఎలా ఉంటుంది?

ఆ వ్యాసం రాసినాయన పేరు గెయోర్గ్ ఫాన్ బేకేషి. పుట్టింది 1899 జూన్ 3న, హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో. చెవి లోపలి నత్తగుల్ల ఆకారపు గొట్టంలో శబ్దం ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు 1961లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వైద్యుడు కాడు, భౌతికశాస్త్రం చదివినవాడు. అందులోనూ ఇరవై ఏళ్లకు పైగా టెలిఫోన్ల శాఖలో ఉద్యోగం చేసినవాడు.

శాస్త్రవేత్తల ప్రచురణల జాబితాను మామూలుగా ఎవరూ చదవరు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు వెనకాల కుట్టి పంపే కాగితాలవి. ఎన్ని పేజీలున్నాయో చూసి పక్కన పెట్టేస్తారు. బేకేషి జాబితా అలాంటిది కాదు. వరసగా చదువుకుంటూ పోతే ఒక జీవితం కనిపిస్తుంది. ముందు జర్మన్ భాషలో, భౌతికశాస్త్ర పత్రికల్లో మొదలవుతుంది. తర్వాత ఊళ్లు మారతాయి, భాష ఇంగ్లీషు అవుతుంది, విషయం చెవినుంచి చర్మానికీ, నాలుకకీ, ముక్కుకీ పాకుతుంది. వందకు పైబడిన ఆ వ్యాసాల్లో రచయిత పేరు ఉండవలసిన చోట దాదాపు ఎప్పుడూ ఒక్కటే పేరు. ఇంకొకరితో కలిసి రాసినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇవాళ ఒక్కో వ్యాసం కింద పెళ్లి శుభలేఖ మీద బంధువుల పేర్లలాగా పాతికమంది పేర్లు చూస్తున్న కాలానికి ఇది వింతగానే ఉంటుంది.

తండ్రి దౌత్యశాఖలో పనిచేసేవాడు. అందువల్ల కుర్రవాడి చదువు మ్యూనిక్, కాన్‌స్టాంటినోపుల్, బుడాపెస్ట్, జ్యూరిక్ నగరాల్లో తిరుగుతూ సాగింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రసాయనశాస్త్రం చదివి, 1923లో బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం హంగరీని చితక్కొట్టి వదిలిన రోజులవి. మంచి పరికరాలున్న ప్రయోగశాల కావాలంటే తపాలా శాఖ వారి టెలిఫోన్ ప్రయోగశాలే దిక్కు. అక్కడ చేరాడు. 1946 దాకా అక్కడే ఉన్నాడు.

ఆయన పనేమిటంటే టెలిఫోన్ లైన్లు సరిగా ఉన్నాయో లేదో చూడటం. అప్పటి పద్ధతిలో ఒక లైన్‌లోకి రకరకాల స్థాయిల్లో నాదాలు ఒకటి తర్వాత ఒకటి పంపి, అవతల ఎంత అందిందో కొలిచేవారు. ఒక్కో లైన్‌కి చాలాసేపు పట్టేది. బేకేషికి అది విసుగనిపించింది. వాద్యకారుడు తీగ సరిగా ఉందో లేదో చూడటానికి ఏం చేస్తాడు? వేలితో ఒకసారి మీటి చెవి పెట్టి వింటాడు. అంతే కదా! లైన్‌లోకి ‘టక్’మని ఒక చిన్న విద్యుత్ దెబ్బ పంపి, తిరిగి వచ్చిన చప్పుడు వినడం మొదలుపెట్టాడు. క్షణంలో తేలిపోయేది. కుండలు కొనేటప్పుడు వేలితో కొట్టి చూసే మన ఇల్లాళ్లకు ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఆ ఉద్యోగంలోనే ఒక ప్రశ్న ఎదురైంది. టెలిఫోన్‌ను ఇంకా బాగుచేయాలంటే డబ్బు ఏ భాగం మీద పెట్టాలి? అందుకు ముందు తెలియవలసింది, వినే చెవి ఎంత నాణ్యమైనది అని. ఫోన్‌లోని రేకు కన్నా కర్ణభేరి ఎన్ని రెట్లు మేలు? గొలుసులో ఏ లంకె బలహీనమైనదో తెలియకుండా మిగతావాటిని బంగారంతో చేయించి ఏం లాభం? కొలిచి చూస్తే ఫోన్ రేకు చెవి ముందు చాలా మొరటు వస్తువని తేలింది. అక్కడితో టెలిఫోన్ శాఖ పని అయిపోయింది. బేకేషి మాత్రం కర్ణభేరి దగ్గర ఆగలేక లోపలికి వెళ్లాడు.

లోపల ఏముంటుందో అప్పటికే శరీరశాస్త్రజ్ఞులకు తెలుసు. కర్ణభేరి వెనక సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు బుల్లి ఎముకలు. వాటి వెనక ద్రవంతో నిండి, నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం. ఆ గొట్టం పొడవునా ఒక సన్నటి పొర. చుట్టలు విప్పి చాపితే మనిషిలో దాని పొడవు 35 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి పై కణుపంత. సంగీతం, తిట్లు, వాన చప్పుడు, అన్నీ అంగుళంన్నర కూడా లేని ఆ పొర మీదుగానే మెదడుకు చేరాలి. ఎలా చేరతాయి?

హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ మహాపండితుడు 1863లోనే ఒక జవాబు చెప్పాడు. ఆ పొరలో పియానో తీగల్లాంటి పోగులు బిగించి ఉన్నాయనీ, ఒక్కో స్వరానికి ఒక్కో పోగు మోగుతుందనీ. వినడానికి చాలా ముచ్చటగా ఉంటుంది. తర్వాత 1886లో రూథర్‌ఫర్డ్ అనే ఆయన, అదేం కాదు, పొరంతా ఫోన్ రేకులా ఒక్కసారే ఊగుతుంది, మిగతా పని మెదడుదే అన్నాడు. వాదాలు నడుస్తూనే ఉన్నాయి. లోపలికి తొంగిచూసినవాడు మాత్రం లేడు.

చూడటం అంత తేలికా? చెవి లోపలి భాగం ఒంట్లోకెల్లా గట్టి ఎముకలో పాతుకుని ఉంటుంది. మనిషి చనిపోయాక తొందరగా ఎండిపోతుంది. బేకేషి శవపరీక్షలు జరిగే గదులనుంచి తాజా కణతఎముకలు తెచ్చుకునేవాడు. వాటిని తొలచడానికి ప్రయోగశాల వర్క్‌షాపులోని డ్రిల్లింగ్ యంత్రమే గతి. పొద్దున్నే పనిలోకి వచ్చిన మెకానిక్కులకు యంత్రం నిండా ఎముకల పొడి కనిపించేదనీ, వాళ్లు మండిపడేవారనీ చెప్పుకుంటారు. మండిపడరూ మరి!

పని మొత్తం నీళ్లలో ముంచి చేసేవాడు. ఎముక తొలుస్తుంటే రేగే పొడి నీటి ప్రవాహంలో కొట్టుకుపోయేది, పొర ఎండిపోకుండా ఉండేది. సూక్ష్మదర్శిని కింద వాడే కత్తెరలూ కత్తులూ తనే తయారుచేసుకున్నాడు. అయితే పొర అద్దంలా పారదర్శకంగా ఉంటుంది; కదిలినా కనిపించదు. అందుకని దాని మీద సన్నటి వెండి రజను చల్లాడు. ముగ్గుపిండి పడ్డ చోట గచ్చు గీతలు బయటపడ్డట్టు, వెండి రేణువులు పడ్డ చోట పొర కదలిక బయటపడింది. ఇక వేగం సంగతి. సెకనుకు కొన్ని వందలసార్లు ఊగేదాన్ని కన్ను పట్టుకోలేదు. దాదాపు అదే వేగంతో వెలిగి ఆరే స్ట్రోబ్ దీపం వేస్తే, ఆ ఊపు నెమ్మదించినట్టు కనిపిస్తుంది. తిరిగే ఫ్యాన్ రెక్కలు ట్యూబ్‌లైట్ వెలుగులో ఒక్కోసారి ఆగినట్టు, వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం అందరూ చూసిందే.

అప్పుడు కనిపించిందీ దృశ్యం. పొర పియానో తీగల్లా ఎక్కడికక్కడ మోగడం లేదు. రేకులా ఒక్కసారిగానూ ఊగడం లేదు. తడి చీరను ఒక కొస పట్టుకుని ఝాడిస్తే మడత ఎలా పరుగెడుతుందో, అలా అంకవన్నె దగ్గర పుట్టిన అల పొర వెంట పరుగెడుతోంది. పోతూ పోతూ పెద్దదై, ఒకచోట ఎత్తుగా లేచి, అక్కడినుంచి ఠక్కున చప్పబడిపోతోంది. కీచు శబ్దమైతే గొట్టం మొదట్లోనే లేచి అణిగిపోతుంది. బొంగురు శబ్దమైతే చివరి చుట్ట దాకా పోయి లేస్తుంది. ఏ స్వరానికి ఎక్కడ అల ఎత్తుగా లేచిందన్నదే గుర్తు.

ఇందులో ఒక తమాషా ఉంది. నత్తగుల్ల చివరికి పోయేకొద్దీ ఇరుకవుతుంది, లోపలి పొర మాత్రం చివరికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. మొదట్లో బిరుసుగా, చివర మెత్తగా ఉంటుంది. ఆ బిరుసులో తేడా సుమారు వంద రెట్లు. అల ప్రయాణమంతా ఈ తేడా మీదే నడుస్తుంది. మరి హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన బిగించిన తీగలు? బేకేషి ఆ పొరను సన్నటి కత్తితో చిన్నగా చీరి చూశాడు. బిగువుగా లాగికట్టిన గుడ్డను చీరితే చీలిక నోరు తెరుస్తుంది. ఇక్కడ తెరవలేదు. బిగువే లేదన్నమాట. ఒక పెద్ద సిద్ధాంతాన్ని అంత చిన్న కోతతో తేల్చడం ఈ జాబితాలోకెల్లా ముచ్చటైన పని.

పరుగెత్తే అల సంగతి మొదట అచ్చయింది 1928లో, ఒక జర్మన్ భౌతికశాస్త్ర పత్రికలో. ‘వినికిడి సిద్ధాంతం గురించి’ అనే శీర్షికతో వరసగా వచ్చిన వ్యాసాల్లో అదొకటి. తర్వాత 1932లో ఎముక ద్వారా వినడం మీద ఒకటి రాశాడు. నుదుటి మీద కంపించే పరికరం ఆనించి ఎముకలోంచి ఒక నాదం పంపాడు, చెవిలోంచి గాలి ద్వారా అదే నాదం ఎదురు పంపాడు. రెండింటినీ సరిగ్గా సర్దితే ఏమీ వినిపించలేదు! ఎముకలోంచి వచ్చినా గాలిలోంచి వచ్చినా లోపలి పొరను కదిపే తీరు ఒకటే కాకపోతే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు కదా. మొదట్లో చెప్పుకున్న 1949 నాటి గొంతు వ్యాసానికి బీజం ఇక్కడే పడింది.

ఇక ఏనుగు కథ. రకరకాల జంతువుల నత్తగుల్లల్లో అల ఎలా పోతుందో చూడాలని ఎలుకనుంచి ఆవు దాకా పరీక్షించాడు. అన్నింటికన్నా పెద్దది ఏనుగుది. బుడాపెస్ట్ జంతుప్రదర్శనశాలలో ఒక ఏనుగు చనిపోయిందని తెలిసి ఆరా తీస్తే, దాని తల జిగురు తయారుచేసే కార్ఖానాకు చేరిపోయింది. అక్కడిదాకా వెళ్లి చెవి ఎముక సంపాదించారు. అల అందులోనూ అలాగే నడిచింది. 1944లో ‘వివిధ జంతువుల నత్తగుల్లల్లో స్వరాల విభజన’ అనే వ్యాసం అచ్చయింది. శీర్షికలో ఏనుగు లేదు, జిగురు కార్ఖానా అసలే లేదు. పరిశోధన వ్యాసాల మర్యాద అలాంటిది.

యుద్ధం ముగిశాక 1946లో స్వీడన్ వెళ్లి కరోలిన్‌స్కా సంస్థలో కొంతకాలం పనిచేశాడు. అక్కడ ఆయన రూపొందించిన ఆడియోమీటర్ గురించి 1947లో చెవి వైద్యుల పత్రికలో వ్యాసం వచ్చింది. చెవి పరీక్ష అప్పటిదాకా డాక్టరు అడిగితే రోగి చెప్పడం మీద నడిచేది. ఈ యంత్రంలో రోగి చేతికే ఒక బొత్తాం ఇస్తారు. చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నొక్కి ఉంచాలి, వినబడకపోతే వదిలెయ్యాలి. నొక్కితే చప్పుడు తగ్గుతూ పోతుంది, వదిలితే పెరుగుతూ వస్తుంది. ఈలోగా స్వరం బొంగురునుంచి కీచుకు మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఒక కలం కాగితం మీద రంపపు పళ్లలా గీసుకుంటూ పోతుంది. ఆ పళ్లు ఎక్కడ కిందికి దిగాయో, ఎక్కడ కురచబడ్డాయో చూసి చెవిలో తేడా ఏమిటో పసిగట్టేవారు. తన వినికిడి గీతను రోగి తనే గీసుకున్నట్టు.

1947లో అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. దాదాపు ఇరవై ఏళ్లు. అక్కడ ఆయన హోదా సీనియర్ పరిశోధకుడు. తరగతులు, కమిటీలు ఆయనకు పట్టేవి కావు. పెళ్లి చేసుకోలేదు. పని లేనప్పుడు పాత కళావస్తువులు సేకరించేవాడు. ఒక శిల్పం అసలుదా నకిలీదా అని గంటల తరబడి చూడటం, సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూడటం ఆయనకు ఒకే అలవాటులో రెండు భాగాలు. నోబెల్ ఉపన్యాసానికి పెట్టుకున్న శీర్షికలో కూడా చూడటంలోని ఆనందం గురించే ముందు చెప్పి, చెవి సంగతి తర్వాత పెట్టాడు.

ఇంగ్లీషులోకి వచ్చాక జాబితా పక్కదారులు పట్టింది. నత్తగుల్లకు పెద్ద నమూనా ఒకటి తయారుచేశాడు. నీళ్లు నింపిన గొట్టం, దానిపొడవునా పొర. కంటితో చూడటం కాదు, దాని మీద ముంజేయి ఆనించి కూర్చోవాలి. అల చేతికింద ఆ కొసనుంచి ఈ కొస దాకా పోతూనే ఉంటుంది. మనిషికి మాత్రం రెండుమూడు సెంటీమీటర్ల మేర ఒక్కచోటే జిలజిలమంటుంది. స్వరం మారిస్తే ఆ చోటు చేతిమీద జరుగుతుంది. మిగతా చెయ్యంతా కదులుతున్నా నరాలు ఆ సంగతి మెదడుకు చేరనివ్వవు. బలంగా కదిలిన చోటు పక్కవాటి నోరు నొక్కేస్తుంది. 1955లో ఈ సంగతి రాశాడు. చేతి చర్మంతో వినడం అనే మాట వింతగా ఉన్నా, ఆయన చేసింది అక్షరాలా అదే.

ఈ నోరు నొక్కే వ్యవహారం ఆయనకు పట్టుకుంది. రెండు మోకాళ్లకూ రెండు కంపించే పరికరాలు పెట్టి, కొన్నాళ్లు సాధన చేస్తే, ఆ కంపన రెండు మోకాళ్ల నడుమ ఖాళీ జాగాలో ఉన్నట్టు తోస్తుందని చూపాడు. రెండు ముక్కుపుటాలకు వాసన కొద్ది తేడాతో పంపి, ఏ వైపునుంచి వస్తోందో ముక్కు పసిగట్టగలదని 1964లో రాశాడు. నాలుక మీద సన్నటి విద్యుత్తు పంపి తీపి పుట్టించి ఆ ఏడే ఇంకో వ్యాసం. చివరికి ఇదంతా 1967లో ప్రిన్స్‌టన్ ముద్రణాలయం పుస్తకంగా వేసింది. నిజం చెప్పాలంటే ఈ రెండో భాగం చెవి పరిశోధనంత గట్టిగా నిలబడలేదు. చెవి, చర్మం, నాలుక, ముక్కు, అన్నీ ఒకే సూత్రం మీద నడవాలన్న పట్టుదల ఆయన్ని అక్కడక్కడా దూరం లాక్కుపోయిందేమో అనిపిస్తుంది.

జర్మన్ వ్యాసాలు అమెరికాలో చాలామందికి అందేవి కావు. వాటన్నిటినీ ఇంగ్లీషు చేసి 1960లో ఏడువందల పేజీలకు పైబడిన ఒకే పుస్తకంగా కూర్చింది ఎర్నెస్ట్ గ్లెన్ వీవర్. ఈయన తక్కువవాడేం కాదు. 1930లో బ్రే అనే సహచరుడితో కలిసి, పిల్లి చెవినరానికి తీగ తగిలించి, పిల్లి చెవిలో ఒకరు మాట్లాడితే పక్కగదిలో ఫోన్‌లో ఇంకొకరికి వినబడేలా చేసినవాడు. వినికిడి గురించి ఆయనకు కాస్త వేరే సిద్ధాంతమే ఉంది. అయినా అనువాదం చేశాడు.

ఆ పుస్తకం ఆరంభంలోనే బేకేషి సమస్యల్లో రకాలు చెబుతాడు. కాలం కలిసిరాక ముందే పైన వేసుకున్న సమస్యలు, అడిగినవాణ్ణి ఇబ్బందిపెట్టే సమస్యలు, సమస్యలే కాని సమస్యలు ఉంటాయంటాడు. తప్పులు దిద్దుకోవడానికి ఉపాయం కూడా అక్కడే ఉంది. స్నేహితులకు చూపించడం మంచిదే. అంతకన్నా మంచిది ఒక శత్రువు ఉండటం అంటాడు. శత్రువు పైసా తీసుకోకుండా, రాత్రింబవళ్లు కూర్చుని తప్పులు వెతుకుతాడు. వచ్చిన చిక్కల్లా గట్టి శత్రువులు దొరకకపోవడం, దొరికినా కొన్నాళ్లకు స్నేహితులైపోవడం. తనకున్న ముగ్గురు మేలైన శత్రువులు అలాగే చేజారిపోయారని ఆయన వాపోయాడు.

ఇక్కడ శ్రోతలు ఒక పని చేసి చూడొచ్చు. రెండు వేళ్లతో రెండు చెవులూ గట్టిగా మూసుకోవాలి. ప్రసంగం కాసేపు వినబడకపోయినా మునిగిపోయిందేమీ లేదు. లోపల ఎక్కడో దూరంగా లారీ పోతున్నట్టు ఒక మందపు రొద వినిపిస్తుంది. అది చేతి కండరాలు బిగుసుకున్న చప్పుడు. 1957లో ఒక సైన్సు పత్రికకు సామాన్య పాఠకుల కోసం రాసిన వ్యాసంలో బేకేషి ఈ ముచ్చట చెప్పాడు. చెవి కీచు శబ్దాల విషయంలో ఎంత సున్నితమంటే, హైడ్రోజన్ పరమాణువు వెడల్పులో పదోవంతు మేర కర్ణభేరి కదిలినా పట్టేస్తుంది. బొంగురు శబ్దాల విషయంలో మాత్రం కాస్త మొద్దుగా ఉంటుంది. ఆ మొద్దుతనమే లేకపోతే తల కదిపినా, అడుగు వేసినా ఒంట్లో పుట్టే చప్పుళ్లన్నీ వింటూ కూర్చోవలసి వచ్చేది.

1965లో హార్వర్డ్ ప్రయోగశాల అగ్నిప్రమాదంలో పాడైంది. 1966లో హవాయి విశ్వవిద్యాలయం పిలిచింది. ఆయన ఆచార్య పదవికి డబ్బు పెట్టినవాళ్లలో అక్కడి టెలిఫోన్ కంపెనీ ఉంది. 1972 జూన్ 13న హొనొలులులో కన్నుమూశాడు. కళావస్తువులన్నీ నోబెల్ సంస్థకు రాసిచ్చాడు.

అప్పటికే కథ ఒక మలుపు తిరిగింది. బేకేషి చూసినవి ప్రాణం పోయిన చెవులు. పైగా ఆ సన్నటి కదలిక సూక్ష్మదర్శినిలో కనబడాలంటే బతికున్న చెవికి నొప్పెట్టేంత పెద్ద చప్పుడు చేయాలి. అంత చప్పుడుకు ఇంత కదలిక, కనుక చిన్న చప్పుడుకు ఇంకాస్త తక్కువ కదలిక అని లెక్క తగ్గించుకుంటూ వచ్చాడు. ఆయన చూసిన అల మందంగా, విశాలంగా ఉండేది. పక్కపక్క స్వరాలను విడదీసి గుర్తుపట్టే గాయకుడి చెవికి ఆ మొద్దు అల సరిపోదు. 1948లోనే థామస్ గోల్డ్ అనే కుర్రాడు, తర్వాత ఖగోళశాస్త్రంలో పేరు తెచ్చుకున్నవాడు, ఈ మాట ఎత్తాడు. బతికున్న చెవి తనవైపునుంచి కొంత శక్తి జోడించి అలను పదునుపెడుతూ ఉండాలి, అలా చేస్తే అది ఒక్కోసారి తనే చప్పుడు కూడా చేయాలి అన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు.

1971లో విలియం రోడ్ బతికున్న కోతుల చెవుల్లో కొలిచాడు. చిన్న చప్పుళ్లకు పొర లెక్కకు మించి కదులుతోంది. జంతువు ప్రాణం పోగానే ఆ అదనపు కదలికా పోయింది. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ మనిషి చెవిలోకి ‘టిక్’మని చప్పుడు పంపి, సున్నితమైన మైకు పెట్టి వేచి చూస్తే, సెకనులో వందోవంతు అటూఇటూగా చెవి లోపలినుంచి చిన్న ప్రతిధ్వని బయటికొచ్చింది. గోల్డ్ చెప్పిన ముప్పై ఏళ్లకు. 1985లో విలియం బ్రౌనెల్, నత్తగుల్ల పొర మీద వరసలు కట్టి ఉండే బయటి రోమకణాలు విద్యుత్తుకు పొట్టిగా పొడుగ్గా ఆడతాయని చూపించాడు. అలకు పదును పెడుతున్నవి అవేనన్నమాట. మనిషి ఒక్కో చెవిలో అవి సుమారు 12,000.

దీంతో బేకేషి జాబితా కొట్టివేతల పాలైందా అంటే, లేదు. అల పరుగెడుతుంది, స్వరానికో చోటు ఉంది, మొదట కీచు, చివర బొంగురు. ఇవన్నీ అలాగే నిలిచాయి. పదును ఒక్కటే చచ్చిన చెవి చెప్పలేకపోయింది. స్వరానికో చోటు ఉందన్న ఆ సంగతి మీదే ఇవాళ పుట్టుచెవిటి పిల్లలకు అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ నడుస్తోంది. సన్నటి తీగను నత్తగుల్లలోకి దూర్చి, మొదట్లో ఉన్న ఎలక్ట్రోడ్లకు కీచు శబ్దాలు, లోతుకు పోయినవాటికి బొంగురు శబ్దాలు పంచుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో ఈ ఆపరేషన్‌ను చిన్నపిల్లలకు చేర్చాక, లక్షల ఖర్చు భరించలేని కుటుంబాల్లో కూడా ఈ మాట వినబడసాగింది.

పిల్లలకు చెవుడు ఉందో లేదో ముందే కనిపెట్టడానికి వాడేది మళ్లీ కెంప్ విన్న ఆ ప్రతిధ్వనే. పుట్టి ఒకటిరెండు రోజులైన పసిపాపకు పాలు పట్టి నిద్రపుచ్చుతారు. చెవిలో పట్టేంత మెత్తటి బిరడా ఒకటి పెడతారు. అందులో ఒక బుల్లి స్పీకరు, ఒక బుల్లి మైకు. పాప ఏమీ చెప్పనక్కరలేదు, బొత్తాం నొక్కనక్కరలేదు. టిక్‌టిక్‌మని చప్పుడు వెళుతుంది. పాప చెవి జవాబు చెబుతుందేమోనని యంత్రం కాచుక్కూర్చుంటుంది. ఆ జవాబు ఎంత సన్ననిదంటే, గదిలో నలుగురు మాట్లాడుతుంటే దొరకదు. ‘కాసేపు ఫ్యాన్ ఆపండమ్మా’ అంటుంది పరీక్ష చేసే అమ్మాయి. అమ్మమ్మ లేచి స్విచ్ కట్టేసి, పాపకు ఉక్కపోయకుండా చీరచెంగుతో మెల్లగా విసురుతూ నిలబడుతుంది.